334 అంటే ధరా, రకమా?

గుంటూరు మిర్చి యార్డులో నిలబడి '334 అంటే ఏంటి?' అని అడగండి. మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. తేజ, 341 లాగే అదీ ఒక మిర్చి రకమని అక్కడ అందరికీ తెలుసు. వెబ్‌పేజీలో అదే అంకెను చూసిన కంప్యూటర్‌కు మాత్రం అది ధరో, టిక్కీల లెక్కో, రకం పేరో తెలియదు. పేజీ రాసే మీరే చెప్పాలి.

బీటెక్‌లో ఉండగా నేనూ ఓ మిర్చి ధరల పేజీ తయారుచేశాను. ప్రతి గడీ డివ్ ట్యాగే. రంగులు అద్దితే అచ్చం పట్టికలాగే కనిపించింది. ఓసారి దాన్ని స్క్రీన్ రీడర్‌లో విన్నాను. ముందు రకాల పేర్లన్నీ, తర్వాత అంకెలన్నీ గుక్కతిప్పుకోకుండా చదివేసింది. ఏ ధర దేనిదో రాసిన నాకే అంతుపట్టలేదు. చూపులేని ఒక రైతుబిడ్డ ఆ పేజీ వింటే ఏం తెలుస్తుంది?

దీనికి మందు సెమాంటిక్ మార్కప్. అంటే విషయం ఎలా కనిపించాలో కాదు, అది ఏమిటో, దేనికి సంబంధించిందో ట్యాగుల్లోనే చెప్పడం. పట్టికకు టేబుల్ ట్యాగ్ వాడండి. రకం పేరుకు టీహెచ్ ట్యాగ్ పెట్టి, స్కోప్‌తో ఆ వరుసకు ముడివేయండి. అప్పుడు స్క్రీన్ రీడర్ ధరతోపాటు రకం పేరూ చెప్పగలదు. 04-03 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా? టైమ్ ట్యాగ్ ఆ అనుమానం తీరుస్తుంది. పేజీ తెలుగని లాంగ్ ఆట్రిబ్యూట్‌లో రాయండి.

ఇంకో మెట్టు పైన స్కీమా డాట్ ఆర్గ్ ఉంది. గూగుల్, బింగ్, యాహూ కలిసి 2011లో మొదలుపెట్టిన ఉమ్మడి పదకోశం అది. ఇది వస్తువు, ఇది దాని ధర, ఇది కరెన్సీ అని యంత్రాలకు అర్థమయ్యేలా చెప్పొచ్చు. ఇది పెట్టగానే సెర్చ్‌లో మొదటి స్థానం వచ్చేస్తుందని మాత్రం అనుకోకండి. అలాంటి హామీ ఏదీ లేదు.

'ఇప్పుడు ఏఐ ఉందిగా, అదే అర్థం చేసుకుంటుంది' అంటారా? చాలాసార్లు చేసుకుంటుంది కూడా. కానీ అది ఊహ. తేజ ధరకూ తేజ తాలు ధరకూ చాలా తేడా. యార్డు భాషలో 'ఏసీ' అంటే కోల్డ్ స్టోరేజీ సరుకు. ఆ ఊహ తప్పితే, ప్రకాశం జిల్లా నుంచి లోడు తీసుకొచ్చే రైతు బాడుగ కట్టుకుని మరీ నష్టపోతాడు. పేజీ రాసినవాళ్లకు తెలిసిన విషయాన్ని యంత్రం ఊహకు ఎందుకు వదిలేయాలి?

ఉద్యోగ వేటలో ఉన్నవాళ్లకు ఒక మాట. రెజ్యూమెలో ఫ్రేమ్‌వర్కుల పేర్లు అందరూ రాస్తారు. 'ఇక్కడ డివ్ కాకుండా టేబుల్ ఎందుకు వాడావు?' అని అడిగితే జవాబు చెప్పగలగడం వేరు. ఈ ఆదివారం మీ ప్రాజెక్టు తెరవండి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితమే, విండోస్‌లో వేసుకోండి. మానిటర్ ఆపేసి, మీ పేజీని ఒక్కసారి చెవులతో చదవండి. ఎక్కడ అర్థం కాకుండా పోయిందో అక్కడి నుంచే సరిచేయడం మొదలుపెట్టండి.