అధ్యక్షుడి మీద కేసు... దర్యాప్తు చేసేదెవరు?

2024 డిసెంబర్ 3 రాత్రి దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మార్షల్ లా ప్రకటించారు. కొన్ని గంటల్లోనే పార్లమెంటు దాన్ని కొట్టేసింది. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలైంది.

పదవిలో ఉన్న అధ్యక్షుడిపై కేసు నడపకూడదని అక్కడి రాజ్యాంగం 84వ అధికరణం చెబుతోంది. తిరుగుబాటు, దేశద్రోహం కేసుల్లో మాత్రం ఆ రక్షణ ఉండదు. మరి దర్యాప్తు ఎవరిది? పోలీసులు, ప్రాసిక్యూటర్లు, 2021లో ఏర్పాటైన ఉన్నతాధికారుల అవినీతి దర్యాప్తు సంస్థ, ముగ్గురూ మాదంటే మాదన్నారు. యూన్ ఒకప్పుడు ప్రాసిక్యూటర్లందరికీ బాస్. పాత బాస్‌ను వాళ్లు గట్టిగా విచారిస్తారా అన్న అనుమానం జనంలో రావడం సహజమే. చివరికి కేసు అవినీతి సంస్థ చేతికి వెళ్లింది. కానీ చట్టంలో దానికి తిరుగుబాటు కేసులు నేరుగా అప్పగించలేదు. అధికార దుర్వినియోగానికి సంబంధించిన నేరమంటూ లాక్కొచ్చింది.

జనవరి 3న అరెస్టుకు వెళితే అధ్యక్షుడి భద్రతా సిబ్బందే అడ్డుపడ్డారు. 15న అరెస్టయింది. మార్చి 7న కోర్టు నిర్బంధాన్ని రద్దు చేసింది. గడువు లెక్క తప్పిందని అంటూనే, ఆ సంస్థ అధికారంపై సందేహాలూ లేవనెత్తింది. ఎవరు దర్యాప్తు చేయాలో నేరం జరిగాక వెతుక్కుంటే నిందితుడి లాయర్లకే పండగ.

మన దగ్గర 361వ అధికరణం రాష్ట్రపతిపై పదవీకాలంలో క్రిమినల్ కేసులు వద్దంటుంది. అభిశంసన అయితే ఒక సభ ఆరోపణ చేస్తుంది, దర్యాప్తు రెండో సభది. 61వ అధికరణంలో ముందే రాసిపెట్టారు.

కొరియాలో ప్రత్యేక ప్రాసిక్యూటర్ బిల్లును జనవరిలో తాత్కాలిక అధ్యక్షుడు వీటో చేశారు. అది జూన్‌లో, కొత్త అధ్యక్షుడు వచ్చాకే చట్టమైంది. జూలై 10న యూన్ మళ్లీ జైలుకెళ్లారు. అప్పటికి ఆయన మాజీ.