అదనపు ఆదాయమా, అసలు కూలా?

వాద్యకారుల బతుకు ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా మన కళాభిమానులు ఒకే మందు రాసి యిస్తారు. కచేరీలనే నమ్ముకోవద్దు, నాలుగు ట్యూషన్లు చెప్పుకో, పెళ్ళిళ్ళు ఒప్పుకో, పాటలు యూట్యూబులో పెట్టుకో, అదనపు ఆదాయం అదే వస్తుంది! యీ సలహాలో దురుద్దేశం వున్నదని నేననను. కాని 'అదనం' అన్న మాటలోనే వున్నది కిటుకంతా. అసలంటూ ఒకటి వున్నవాడికి గదా అదనం!

పెళ్ళి మేళం సంగతే చూద్దాం. తెలుగునాట సన్నాయి, డోలు తరతరాలుగా ఎక్కువభాగం నాయీబ్రాహ్మణ కుటుంబాల వృత్తి; డప్పు మాదిగల వృత్తి. కులం అప్పగించిన పనికి బేరమాడకూడదన్నది భూస్వామ్య నీతి. ఆ నీతి యింకా చావలేదు. 'ఏదో తోచినంత' అనే మాటలో బతికే వున్నది. పైగా ముహూర్తాలే మేళగాడి పనిదినాలు. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా పొయ్యిలో పిల్లి లేవదు.

ఇక ట్యూషన్లు. సాధన చేసుకోవలసిన వేళ ఇల్లిల్లూ తిరిగి సరళీస్వరాలు చెప్పేవాడు, తన పనిముట్టుకు తానే తుప్పు పట్టిస్తున్నాడు. పిల్లలకు పరీక్షలు దగ్గరపడితే తల్లిదండ్రులు మొట్టమొదట మాన్పించేది సంగీతాన్నే.

సినిమా పాట మాటేమిటి? 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించారు. సినిమా హాలు వెలుపల పాట వాడకంపై వచ్చే రాయల్టీలో సమాన వాటాను రచయితగాని, సంగీతకర్తగాని వారసులకో, కాపీరైటు సంఘానికో తప్ప మరెవరికీ రాసివ్వడం చెల్లదన్నారు. వాణిజ్యానికి వాడుకుంటే ప్రదర్శకుడికీ రాయల్టీ వున్నదన్నారు. బాగానే వున్నది. కాని అదే సవరణ ప్రదర్శకుడి నిర్వచనానికి ఒక తోక తగిలించింది: సినిమాలో యెవరి ప్రదర్శన యాదృచ్ఛికమో ఆనుషంగికమో అయి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం పేరు ఎక్కడా వెయ్యరో, అతను ప్రదర్శకుడు కాడు! తన ప్రదర్శనను వికృతం చేస్తే ప్రశ్నించే హక్కొక్కటే అతనికి మిగిల్చారు. పేరు వెయ్యకపోవడమనే ఆనవాయితీని పెట్టిందెవరు? వాద్యకారుడా? పేరు యెగ్గొట్టినవాడికే వాటా యెగ్గొట్టే సాకు దొరికిందన్నమాట. ఒక పూట కూలికి వయొలిన్ వాయించినవాడి పేరు తెరమీద పడాలన్న కోరిక కీర్తికాంక్ష కాదు. అది కూలి పోరాటం. గాయకులు 2013లో సంఘంగా ఏర్పడి రాయల్టీకోసం నిలబడ్డారు. వాద్యకారులకూ అదే దారి.

రాయల్టీ ఆస్తిహక్కు గదా, దానికోసం మనమెందుకు వాదించాలి అని మన మిత్రులే కొందరు అడుగుతారు. పాట యిప్పటికే ఆస్తి అయిపోయింది. అది నిర్మాత చేతిలో, ఆడియో కంపెనీ చేతిలో వున్నది. దానిని సృష్టించిన చేతులకు వాటా వుండాలా వద్దా అన్నదే ప్రశ్న. ఆస్తిని తిట్టి కూలిని మరచిపోవడం అభ్యుదయం కాదు.

ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదనలేము. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలైంది. మంచిదే. కాని పింఛను వయసు మీరినవాడికి ఆసరా. పనిచేస్తున్నవాడి కూలికి జవాబు కాదు. ప్రతి ఉన్నత పాఠశాలలో జీతమిచ్చే సంగీతోపాధ్యాయ పదవి, ప్రతి రికార్డింగుకూ రాతపూర్వకమైన ఒప్పందం, ప్రతి వాద్యకారుడి పేరూ నమోదు — మనం అడగవలసినవి యివి.

ప్రభుత్వాన్ని అడిగేముందు మన కళాశాలలను మనం అడగవద్దా? వార్షికోత్సవాలలో షామియానాకు బిల్లు చెల్లిస్తాము, మైకుసెట్టుకు చెల్లిస్తాము. తబలా వాయించినవానికి మాత్రం శాలువా కప్పి పంపుతాము. శాలువాతో బియ్యం రావు. యీ యేడు విద్యార్థి సంఘాలూ, అధ్యాపక సంఘాలూ కలిసి తీర్మానం చెయ్యాలి: వాద్యకారుడి కూలి ముందు నిర్ణయించి, వేదిక దిగకముందే చేతికివ్వాలి. శాలువా కప్పాలనుకుంటే ఆ తరువాత కప్పవచ్చు.