మా యింటి యరుగు: కుదురులేని బిడ్డ



గడచిన శ్రావణమున నొక మధ్యాహ్నము మేము అరుగుపై కూర్చుండి బియ్యములో రాళ్లేరుచుండగా, మా వీధి చివరనుండు నొక యిల్లాలు వచ్చి, కొంగున ముడివేసిన కాగితమును విప్పి మా చేతికిచ్చినది. "అమ్మా, సారు ఇంట్ల లేరా? గీ చిట్టీల ఏమున్నదో జర మీరన్న చదివి చెప్పుండ్రి" అని యడిగినది. అది హైదరాబాదులోని యొక పిల్లల మనోవైద్యుడు వ్రాసిన చీటి. ఆమె కుమారునకు తొమ్మిదేండ్లు. చీటి పైభాగమున నాలుగక్షరములు మాత్రముండెను: ఏ.డి.హెచ్.డి. మన భాషలో చెప్పవలెనన్న, అవధానము నిలువకుండుటయు, మితిమీరిన చాంచల్యమును కలసిన మనఃస్థితి.

మేము నోరు విప్పకముందే అరుగు నిండినది. ఆమె యత్తగారు మెట్టుపై కూర్చుండి, "పోరగాండ్లు అల్లరి చెయ్యక ముసలోళ్లు చేస్తరా? వీని నాయిన గూడ చిన్నప్పుడు గిట్లనే ఉండె. ఆయనకెవ్వడు గోలీలు మింగిచ్చిండు?" అన్నది. పొరుగామె దృష్టి తగిలినదనియు, దర్గాకు పోయి తాయెత్తు కట్టింపుమనియు చెప్పినది. కాలేజీలో చదివిన యొక చిన్నది, ఇది మందుల కంపెనీలవారు పుట్టించిన జబ్బనియు, దీనికి సెల్‌ఫోను లాగివేయుట కంటె వేరు వైద్యము లేదనియు వాదించినది. ఒకామె మాత్రము ఎవరి మొగమును చూడకయే, "తల్లి సక్కగ పెంచాలె గదా" యన్నది. ఆ మాటతో ఆ యిల్లాలు మా చేతిలోని కాగితమును తీసికొని, నాలుగు మడతలు పెట్టి, మరల కొంగున ముడివేసికొన్నది.

ఆ యాఖరి మాట అన్నవారిని మేము నిందింపజాలము. రెండేండ్ల క్రిందట అదే మాటను అదే తల్లితో మేమే అంటిమి. బాలుడు మా యింటికి వచ్చి, దేవుని గూటిలోని ప్రమిదను దొర్లించి, ఆ నూనెలో చేయి పెట్టి, ఇంతలో పెరటిలోని జామచెట్టెక్కినాడు. "దండన చాలలేదమ్మా" యని మేము పెద్దరికముతో సెలవిచ్చితిమి. ఆమె ఇంటికి పోయి వానిని కొట్టినదట. ఆ సంగతి మాకు మొన్న శ్రావణమున గాని తెలియలేదు.

అష్టావధానులకును, శతావధానులకును శాలువలు కప్పిన భాష మనది. ఒక్క విషయమునందైనను మనస్సు నిలుపలేని బిడ్డకు మాత్రము తుంటరి, ఆకతాయి, పెంకివాడు అను తిట్లే తప్ప వేరు పేరు పెట్టలేదు. ఆ చీటి వచ్చిన పిమ్మట మేము మా వారి సాయమున ఈ విషయమై దొరికినంత చదివితిమి. అరుగుమీది సందేహములలో కొన్ని నిలువవనియు, కొన్ని గట్టివే యనియు తోచినది.

కంపెనీవారు పుట్టించిన జబ్బన్న మాట మొదట చూతము. జర్మనీ దేశమున హాఫ్‌మన్ అను వైద్యుడు తన మూడేండ్ల కుమారునికొరకు బొమ్మల పుస్తకము వ్రాసి 1845లో అచ్చువేయించెను. దాని తరువాతి ముద్రణమున భోజనపు బల్లయొద్ద కుదురుగా కూర్చుండలేక, కుర్చీతో సహా వెనుకకు పడుచు, బల్లమీది గుడ్డను, దానితో వంటకములను క్రింద పడలాగు ఫిలిప్పు అను బాలుడొకడు కలడు. 1902లో లండనులో జార్జి స్టిల్ అను పిల్లల వైద్యుడు ఇట్టి బిడ్డలను గూర్చి మూడుపన్యాసములిచ్చెను. అయితే ఆయన దానిని నైతిక నిగ్రహ లోపమని పిలిచెను. మన అరుగుమీది మాటకది యెంత దూరము? మందు వచ్చినది తరువాత. అమెరికాలో బ్రాడ్లీ అను వైద్యుడు 1937లో తన చికిత్సాలయమందలి పిల్లలకు బెంజెడ్రిన్ అను మందిచ్చి చూచి, వారిలో పలువురు చదువున కుదురుట కనిపెట్టెను. నేడు తరచుగా వాడు మిథైల్‌ఫెనిడేట్ 1944లో స్విట్జర్లండున తయారైనది. దానిని కనుగొన్న పనిజోన్ తన భార్య ముద్దుపేరగు రీటా మీదుగా రిటాలిన్ అని పేరు పెట్టెను. (భార్య పేరు నగలకు, ఇండ్లకు పెట్టుట విన్నాము గాని మాత్రకు పెట్టుట ఇదే వినుట.) కావున జబ్బు ముందు, మందు వెనుక. కాని మందు వచ్చిన పిమ్మట దాని నమ్ముకొనుటకు ఉత్సాహము చూపినవారు లేరని మేమనము.

సెల్‌ఫోను ఎవరి అవధానమునైనను దొంగిలించును, మాదియును. అయితే వైద్యులు ఈ పేరు పెట్టుటకు ముందు కొన్ని నిబంధనలు చూడవలెను. లక్షణములు పండ్రెండేండ్లకు లోపలనే కనబడవలెను. ఆరునెలలకు తగ్గక నిలిచియుండవలెను. ఇంటను, బడిలోను, అనగా కనీసము రెండు తావులందు ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, బిడ్డ బ్రతుకునకు అడ్డుపడవలెను. బడిలో మాత్రమే కుదురు చెడిన బాలునియందు బడినే ముందు పరీక్షింపవలెను. ఈ బాలుని విషయమున అది తేటతెల్లము. ఉప్పు తెమ్మని పంపిన గాలిపటముతో వచ్చును. అన్నము ముందు కూర్చుండి నాలుగుమార్లు లేచును. ఒకనాడు తుక్కుగూడ పోవు రోడ్డున మేకపిల్ల వెంట పరుగెత్తి, లారీ క్రింద పడవలసినవాడు దైవికముగా తప్పించుకొన్నాడు. నాటినుండి ఆ తల్లి, శివగంగ గుడికి పోయినను వాని మణికట్టు విడువదు. కోనేటి మెట్లయొద్ద ఇతరులు దేవునికి దణ్ణము పెట్టుకొనుచుండగా ఆమె రెండు చేతులు జోడించి మేమెన్నడు చూడలేదు.

ఇక అత్తగారి మాట. "వీని నాయిన గూడ గిట్లనే ఉండె" అన్నది గదా. ఆమె ఇది జబ్బు కాదని చెప్పుటకై ఆ సాక్ష్యమిచ్చినది. కాని వైద్యుడు వినియుండిన దానిని శ్రద్ధగా వ్రాసికొనియుండును. కవల పిల్లలను పరిశోధించినవారు, ఈ విషయమున బిడ్డకును బిడ్డకును కల భేదములో రమారమి నూటికి డెబ్బదినాలుగు పాళ్లు వంశపారంపర్యమున వచ్చుచున్నదని లెక్క కట్టిరి. ఆ నాయన మాకు తెలిసినవాడే. ఎనిమిదవ తరగతిలో బడి మానెను. ఏ కొలువునను ఏడాది నిలువలేదు. మంచివాడు, చేతి పని నేర్పరి. కాని మోటారుసైకిలుపై రెండుమార్లు కాలు విరుగగొట్టుకొన్నాడు. పెద్దయిన కుదురుకొనునని చెప్పిన అత్తగారే, ప్రతి దసరాకు కుమారుని అప్పులను గూర్చి మాయొద్ద కన్నీరు పెట్టుకొనును. ఈ రెండు మాటలను మేమామె యెదుట కలిపి చెప్పలేకపోతిమి. ధైర్యము చాలలేదు.

గట్టి సందేహములను కూడ చెప్పవలెను గదా. ఈ స్థితిని తేల్చుటకు రక్తపరీక్ష లేదు, తలకు తీయు చిత్రము లేదు. తల్లిదండ్రులు, పంతులు చెప్పినదే ఆధారము. చెప్పువారు పొరబడిన పేరు కూడ పొరబడును. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక తరగతిలో చేరు పిల్లలు జనవరి మొదలు డిసెంబరు దాక పుట్టినవారు. 2012లో అచ్చటివారు లెక్కింపగా, జనవరి బాలురకంటె డిసెంబరు బాలురకు ఈ పేరు పెట్టుట నూటికి ముప్పదిపాళ్లు హెచ్చుగా తేలినది. అనగా కొందరి జబ్బు కేవలము పదకొండు మాసముల చిన్నతనమే! ఈ సంగతి చదివినపుడు మాకు మన బడుల పట్టికలు జ్ఞప్తికి వచ్చినవి. ఏడాది కలసివచ్చునని బిడ్డ పుట్టిన తేదిని ముందునకు జరిపి చేర్పించు అలవాటు మనలో లేదా? ఐదేండ్ల వానిని ఆరేండ్ల వారి నడుమ కూర్చుండబెట్టి, వీడు కుదురుగా లేడని పంతులు వ్రాయును. తల్లులారా, వైద్యునియొద్ద మాత్రము నిజమైన తేదినే చెప్పుడు. వినికిడి, చూపు, నిద్ర, రక్తహీనత, క్షణకాలము స్పృహ తప్పు మూర్ఛలు, ఇంటిలోని భయము, ఇవన్నియు చూచిన పిమ్మటనే యీ పేరు పెట్టవలెను. పది నిమిషములలో పేరు పెట్టి చీటి వ్రాసిన మరియొకరిని కూడ అడుగుట తప్పు కాదు.

మందు మాటయు అట్లే. అమెరికాలో 579 మంది పిల్లలపై జరిపిన పెద్ద పరిశీలన 1999లో వెలువడినది. జాగ్రత్తగా చూచుచు మందిచ్చిన పిల్లలు పదునాలుగు నెలల కడపట, నడవడి శిక్షణ మాత్రము పొందినవారికంటె కుదురుగా నుండిరి. కాని మూడేండ్లు గడచుసరికి ఆ భేదము మాసిపోయినట్లు 2007లో తేలినది. రెంటిలో నేదియు దాచరాదు. ఆరేండ్లకు లోపటి బిడ్డకు మందుకంటె ముందు తల్లిదండ్రులకు శిక్షణ యిప్పింతురు. మిథైల్‌ఫెనిడేట్ మన దేశమున మాదకద్రవ్యముల చట్టము క్రిందికి వచ్చు మందు. వైద్యుని చీటి లేక కొనరాదు, పొరుగింటి బిడ్డకు పంచిపెట్టరాదు.

ఇంతకు ఆ బాలుని మాట. తల్లి మందు మొదలుపెట్టినది. వారము లోపలనే అత్తగారు, "పోరడు అన్నం తింటలేడు, ఇగ చూడుండ్రి" యని గెలిచినట్లు చెప్పినది. ఆమె చెప్పినది నిజమే. ఆకలి మందగించుట ఆ మందు గుణము. తల్లి బస్సెక్కి మరల పోయి అడుగగా, ప్రొద్దుట కడుపునిండ తిన్న తరువాతనే మాత్ర వేయుమనియు, చీకటి పడిన పిమ్మట మందు బలము తగ్గును గనుక అప్పుడు పెద్ద భోజనము పెట్టుమనియు చెప్పిరి. ప్రతిమారు బరువు, ఎత్తు, నాడి చూచుచున్నారు. మా వారును తమ వంతు మార్చుకొన్నారు. ఇదివరకు వానిని శిక్షగా గోడవైపు తిప్పి కూర్చుండబెట్టువారు. ఇప్పుడు ముందు బల్లపై కూర్చుండబెట్టి, ఒకమారు ఒక్క పనియే చెప్పి, పావుగంటకొకసారి సుద్దముక్కలు తెమ్మని, గంట కొట్టుమని లేపుచున్నారు. వాడు గంట కొట్టు పనిని గొప్ప యుద్యోగముగా భావించుచున్నాడు. ఎక్కములలో మాత్రము ఇంకను వెనుకనే కలడు.

యశోద కృష్ణుని రోటికి కట్టిన కథను మనము వేడుకగా విందుము. ఊరి గోపికలందరు వచ్చి ఫిర్యాదు చేసిన దినమున ఆ తల్లి మనస్సెట్లుండెనో యని మేమీ నడుమనే తలచుట నేర్చితిమి.

ఖర్చునకు వెనుకాడువారికొక మాట. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద బడులకు, అంగన్‌వాడీలకు వచ్చు వైద్యులు చూడవలసిన ముప్పది లోపములలో ఇదియు నొకటి. వారు వచ్చిన దినమున బిడ్డను దాచక చూపుడు. ఎఱ్ఱగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. టెలి మానస్ వారి 14416 సంఖ్యకు ఫోను చేసిన తెలుగుననే మాటలాడుదురు, రుసుము లేదు.

మరియొక సంగతి చదువులో మమ్ము కలవరపెట్టినది. ఈ లోపమున చాంచల్యము లేక అవధానము మాత్రమే నిలువని రకమొకటి కలదు. ఆడపిల్లలలో అది పలుమారు ఎవరి కంటను పడదు. అల్లరి లేదు గనుక ఫిర్యాదు లేదు. మా వారి తరగతిలో కిటికీయొద్ద అట్టి బాలిక యొకతె కలదు. పలక మరచును, సంచి మరచును, పిలిచిన మూడవమారు పలుకును. ఇంటిలో ఆమెను "మొద్దు" అని పిలుతురు. చదువు మానిపింతమని మాట కూడ నడచుచున్నదట. మా వారామెను ముందు బల్లకు మార్చిరి. అది ఈ లోపమే యని మేము చెప్పజాలము, చెప్పవలసినవారము మేము కాము. ఆమె తల్లి వారమునకొకమారు కూరగాయల గంపతో మా వీధికి వచ్చును. ఈసారి వచ్చినపుడు, అరుగుపై నలుగురు చేరకముందే, లోపలికి పిలిచి మాటలాడవలెనని యున్నాము.