చెవిలోని చిన్న వాకిలి

ఒకమారు మా చిన్నవాడు పడిసెము తగ్గిన పిదప పిలిచినను పలుకకుండెను. మొండితనము హెచ్చినదని మేము కోపించితిమి. వాని తండ్రిగారు పరాకనుకొనిరి. తుదకు వైద్యుడు పరీక్షించి, కర్ణభేరి వెనుక నీరు చేరినదని చెప్పినప్పుడు మేమెంతయు సిగ్గుపడితిమి. అది యేల చేరునో తల్లులందఱు తెలిసికొనదగును.

కర్ణభేరికి వెనుక నొక చిన్న గది కలదు. దానినుండి ముక్కు వెనుకభాగమునకు, అంగిటికి పైగా, నొక సన్నని నాళము పోవుచున్నది. 16వ శతాబ్దమున ఇటలీదేశపు శరీరశాస్త్రజ్ఞుడగు యుస్టాకి దీనిని వర్ణించెను గనుక దీనికి యుస్టేషియన్ నాళమని పేరు. పెద్దవారిలో దీని పొడవు ఇంచుమించు 3½ సెంటీమీటర్లు. సాధారణముగా నిది మూసికొనియే యుండును. గుటక వేసినప్పుడును, ఆవులించినప్పుడును అంగిటి కండరములు లాగగా, అర సెకనుకంటె తక్కువ కాలము తెఱచుకొని మరల మూతపడును. ఆ రెప్పపాటులోనే గాలి రాకపోకలు సాగి, కర్ణభేరికి ఇరుప్రక్కల ఒత్తిడి సమమగును. తిరుమల కొండకు బస్సులో పోవునప్పుడు చెవులు దిబ్బళ్లు పడి, గుటక వేయగనే విడుట యిందుచేతనే. శిశువులలో నీ నాళము పొట్టిది, వాలు తక్కువది. పడిసెముతో వాచి సులభముగా మూసికొనిపోవును. అప్పుడు గదిలోని గాలిని చుట్టునున్న పొర పీల్చుకొనగా, ఒత్తిడి తగ్గి, నీరూరును.

ఈ వాకిలి యేల తెఱవదో బిడ్డ చెవిలో తొంగి చూచి తెలిసికొనుట కష్టము. కావున శాస్త్రజ్ఞులు కంప్యూటరులో దాని ప్రతిరూపమును నిర్మించుచున్నారు. 2004లో గాడియాలి, బ్యాంక్స్, స్వార్ట్స్ అను అమెరికా పరిశోధకులు ప్రకటించిన పని యిట్టిదే. నాళమును, దాని చుట్టునున్న మృదులాస్థిని, మెత్తని పొరను చిన్న చిన్న తునకలుగా విభజింతురు. ఏ భాగమెంత మెత్తనిదో, కండరము ఏ దిక్కునకెంత బలముతో లాగునో అంకెలలో నిచ్చినచో, వాకిలి యెంత తెఱచుకొనునో కంప్యూటరు గణించును. తక్కినవి కదపక యొక్క అంకెనే మార్చి చూడవచ్చును. పొర బిరుసెక్కినదా, కండరమునకు బలము చాలదా, లాగు దిక్కు తప్పినదా యని వేర్వేరుగా పరిశీలించుటకు వీలగును. 2010లో అంగిలి చీలి పుట్టిన శిశువుల విషయమునను ఇట్టి ప్రతిరూపములను ప్రకటించిరి. వారిలో ఆ కండరములు సరిగా నమరకుండుటచే చెవిలో నీరు చేరుట మిక్కిలి సాధారణము. గ్రహణమొఱ్ఱి యని తల్లిని నిందించుటకు మాఱు, బిడ్డ చెవిని పరీక్షింపజేయుట మేలు.

ఈ గణనము మందు కాదు. ఏ బిడ్డకే లోపమో గుర్తించి తగిన చికిత్స నెన్నుకొనుటకు త్రోవ చూపవలెనన్నదే దీని యుద్దేశము. మనకు మాత్రమొక పాఠము కలదు. వాకిలి ముక్కు వెనుక నున్నది గాని చెవి తమ్మెవైపున లేదు. చెవిలో కాచిన నూనె పోసిన నది తెఱచుకొనదు. కర్ణభేరికి రంధ్రమున్నచో నూనె లోనికి పోయి కీడు చేయును. బిడ్డను వెల్లకిల పరుండబెట్టి సీసాపాలు పట్టుటయు, ఇంటిలో పొగచుట్టల పొగయు చెవిబాధకు తోడ్పడును.

మా వాని చెవిలోని నీరు మూడు నెలలలో దానంతట తగ్గినది. పెక్కుమంది పిల్లలకట్లే తగ్గును. తగ్గనిచో వినికిడి మందగించి, మాటయు చదువును వెనుకబడవచ్చును గాన వైద్యునికి చూపుట మానరాదు. పలుకని బిడ్డను దండించుటకు ముందు, వెనుక నిలిచి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడుడు. మేమా పని మొదటనే చేసియుండవలసినది.