వాల్వు ఆపరేషన్‌కు ముందు పరీక్షలు పల్నాడులోనే జరగాలి

గుండె వాల్వు మార్చాలని డాక్టరు చెప్పాక, ఆపరేషన్‌కు పిలుపు వచ్చేదాకా గడిచే వారాలను మనం ఉత్త ఎదురుచూపుగానే చూస్తున్నాం. రోగి ఎంత క్షేమంగా బయటపడతాడన్నది చాలావరకు ఆ వారాల్లోనే తేలుతుంది. పల్నాడులో మాచర్ల, గురజాల, రెంటచింతల వైపు వాళ్లు ఒక్కో పరీక్షకు గుంటూరుకో విజయవాడకో వెళ్లాలంటే రోజు కూలీ పోతుంది, తోడు వచ్చినవాళ్ల కూలీ కూడా పోతుంది. మిర్చి కోతలప్పుడైతే ‘వచ్చే నెల చూద్దాంలే’ అనుకోవడం సహజం. ఈలోగా ఆయాసం ముదురుతుంది. ఆపరేషన్ పెద్దాసుపత్రిలో జరగనీయండి, దానికి కావలసిన సన్నాహం మాత్రం జిల్లా కేంద్రమైన నరసరావుపేటలో జరగాలి.

ఈ సన్నాహంలో అందరూ చిన్నచూపు చూసేది పళ్ల పరీక్ష. గుండె జబ్బుకు పళ్ల డాక్టరెందుకని చాలామంది అడుగుతారు. పుచ్చిన పన్ను కింద, వాచిన చిగురులో ఉండే సూక్ష్మక్రిములు నమిలినప్పుడూ బ్రష్ చేసినప్పుడూ నెత్తుటిలోకి దిగుతాయి. అవి కొత్తగా కుట్టిన వాల్వు అంచును పట్టుకుంటే మళ్లీ ఛాతీ తెరవాల్సి రావచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే పన్ను తీయాల్సి ఉంటే ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందే తీసి, పుండు మాననివ్వాలని యూరప్ హృద్రోగ నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆసుపత్రిలో చేరాక ఈ సంగతి బయటపడితే తేదీ వాయిదా పడుతుంది, సర్దుకున్న డబ్బూ సెలవూ వృథా అవుతాయి. యాంజియోగ్రామ్‌దీ అదే దారి. నలభై దాటిన మగవాళ్లకూ ముట్లాగిన ఆడవాళ్లకూ సాధారణంగా అది చేస్తారు. రక్తనాళంలో అడ్డు ఉందని ముందే తెలిస్తే వాల్వుతోపాటే బైపాస్ కూడా ఒకే కోతలో అయిపోతుంది.

పెద్దాసుపత్రి ఎలాగూ అన్నీ మళ్లీ చేయిస్తుంది, ఇక్కడ చేయడం దండగ అనేవాళ్లున్నారు. కొన్ని మళ్లీ చేయక తప్పదు. ఎక్కించే రక్తంతో సరిపోలిక చూడటం, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష తాజాగా ఉండాల్సిందే. కానీ పంటికి వైద్యం మళ్లీ చేయనక్కర్లేదు. రక్తహీనత, థైరాయిడ్, అదుపు తప్పిన షుగరు ఒక్క రోజులో చక్కబడవు. వాటిని ఊరి దగ్గర నెల ముందు పట్టుకోవడమే లాభం. పరీక్షల పేరుతో దోపిడీ జరుగుతోందన్న అనుమానానికీ కారణం ఉంది. ఏ పరీక్ష ఎందుకో చెప్పకుండా చీటీ చేతిలో పెడితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో ఒకే కాగితం మీద పరీక్షల పేర్లూ, కారణాలూ తెలుగులో రాసి ఇస్తే ఆ అనుమానం చాలావరకు తీరుతుంది. ఊపిరాడక అత్యవసరంగా వచ్చిన రోగికి మాత్రం ఈ వరుసంతా వర్తించదు. అక్కడ ఆలస్యమే ప్రమాదం.

పల్నాడుకు ఈ ముందస్తు సన్నాహం ఇంకో కారణంగా కూడా అవసరం. మన దేశంలో చిన్న వయసులోనే వాల్వులు దెబ్బతినడానికి పెద్ద కారణం రుమాటిక్ జ్వరం. చిన్నప్పుడు గొంతు నొప్పిగా మొదలై, కీళ్ల వాపుగా కనిపించి, చివరికి మిట్రల్ వాల్వును బిగించేస్తుంది. అందుకే ఇక్కడ రోగి పిల్లల్ని కనాల్సిన వయసు అమ్మాయి కూడా కావచ్చు. లోహపు వాల్వు పెడితే రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్ర జీవితాంతం వేసుకోవాలి, గర్భంలో అది బిడ్డకు ప్రమాదం. కణజాలపు వాల్వు పెడితే ఆ మాత్ర చాలామందికి కొన్నాళ్లే చాలు, కానీ కొన్నేళ్లకు వాల్వు మళ్లీ మార్చాలి. ఈ ఎంపిక టేబుల్ ఎక్కే ముందు రోజు సంతకం పెట్టేటప్పుడు తేలేది కాదు. అత్తింటివాళ్లతోపాటు ఆ అమ్మాయి కూడా కూర్చుని వినాల్సిన విషయం. అప్పటికే వార్ఫరిన్ వేసుకుంటున్నవాళ్లు దాన్ని సాధారణంగా అయిదు రోజుల ముందు ఆపాలి, అదీ డాక్టరు చెప్పిన రోజునే. ఆ మాత్ర వేసుకుంటున్నంతకాలం గోంగూర మానేయనక్కర్లేదు, ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందు బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి ఒక వారం దండిగా, మరో వారం అసలు లేకుండా కాక, ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి.

2022లో పల్నాడు జిల్లాకు నరసరావుపేట కేంద్రమైంది. అక్కడి ప్రభుత్వాసుపత్రిలో వారానికొక రోజు గుండె స్కాన్ (ఎకో) తీసే నిపుణుడు, పళ్ల డాక్టరు, ఐఎన్‌ఆర్ పరీక్ష ఒకే గదిలో దొరికేలా చేయడానికి కొత్త భవనం అక్కర్లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద ఆపరేషన్ ఖర్చు భరించే ప్రభుత్వం, దాని ముందు వారాల ఖర్చు కూడా అదే పథకంలో లెక్కించి, రిపోర్టులు నేరుగా ఆపరేషన్ చేసే ఆసుపత్రికి చేరేలా ఏర్పాటు చేయాలి.