ఎన్‌ఐటీకి తెలుగెందుకు, కేయూకి కోడెందుకు?

బమ్మెర పోతన మా ఉమ్మడి వరంగల్ జిల్లా వాడు. ఆయన పేరుతో ఉన్న యూనికోడ్ ఫాంట్ మాత్రం అమెరికాలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసింది. అంతకంటే ముందు, ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాయడానికి పనికొచ్చిన ఆర్‌టీఎస్ హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో పుట్టింది. రెండూ భాష మీద అభిమానంతో జరిగిన పనులు. అభిమానం మంచిదే. కానీ ఒక భాషని ఎన్నాళ్ళని దాని మీదే నడిపిస్తాం?

హనుమకొండలో రెండు పెద్ద సంస్థలున్నాయి. ఒకటి 1959లో ఆర్‌ఈసీగా మొదలై 2002లో ఎన్‌ఐటీ అయింది. రెండోది 1976లో వచ్చిన కాకతీయ యూనివర్సిటీ. మధ్య దూరం కొద్ది కిలోమీటర్లు. అక్కడ కంప్యూటర్ సైన్స్, ఇక్కడ తెలుగు ఎంఏ. ఈ రెండూ కలిపి చదివే పీజీ మాత్రం లేదు. అడిగితే "ప్లేస్‌మెంట్సొస్తయా?" అంటారు. ఉత్త తెలుగు ఎంఏకి ఇప్పుడేం వస్తున్నాయో మాత్రం ఎవరూ అడగరు.

"పోయిండ్రు" అని టైప్ చేస్తే నా ఫోన్ కింద ఎర్రగీత పెడుతుంది. పలుకుబడి భాష కోసం జీవితమంతా కొట్లాడిన కాళోజీ ఊళ్ళో కూచుని, మన మాట తప్పని ఫోన్ చేత చెప్పించుకుంటున్నాం. డేటా పోస్తే మెషిన్ అదే నేర్చుకుంటుందంటారు ఇంజనీర్లు. ఏ డేటా? పేపర్ల తెలుగు, వికీపీడియా తెలుగు. ఒగ్గుకథ చెప్పేవాళ్ళ మాట ఎవరో విని, రాసి, ఎక్కడ విరవాలో గుర్తు పెడితే గానీ డేటా కాదు. "రాముడొచ్చిండు"లో 'వ' ఎటు పోయిందో తెలుగు ఎంఏ చదివిన అమ్మాయికి తెలుసు, దాన్ని ప్రోగ్రామ్‌గా రాయడం తెలీదు. రాయగలిగినవాడికి అక్కడొక 'వ' ఉండేదనే తెలీదు.

రామప్పలోనూ ఇదే కథ. నాట్య శిల్పాలన్నీ త్రీడీలో స్కాన్ చెయ్యొచ్చు. ఏ భంగిమకి జాయప సేనాని నృత్తరత్నావళిలో ఏ పేరుందో స్కానర్ చెప్పదు.

"హైదరాబాద్‌లో ఉందిగా" అనేవాళ్ళున్నారు. ఉంది. ట్రిపుల్‌ఐటీలో కంప్యూటర్ సైన్స్, కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ కలిపి డ్యూయల్ డిగ్రీ ఇస్తారు, మంచి పనే. కానీ ఆ తలుపు ఇంటర్ అయిపోగానే లెక్కల పరీక్ష గట్టెక్కినవాళ్ళకి తెరుచుకుంటుంది. సెంట్రల్ యూనివర్సిటీలో భాషాశాస్త్రం వైపు నుంచి ఇంకో సందు ఉంది. నర్సంపేటలో బీఏ చదివి, ఇరవై ఒకటో ఏట కోడ్ నేర్చుకుందామనుకున్న పిల్లకి సొంతూరి పక్కన ఏముంది?

ఇంజనీరింగ్‌లో ఒక సెమిస్టర్ కమ్యూనికేషన్ స్కిల్స్ చెప్పి దాన్నే హ్యుమానిటీస్ అనకండి. అది ఇంటర్వ్యూకి టై కట్టుకోవడం నేర్పడం. పాత పుస్తకాలు స్కాన్ చేసి పీడీఎఫ్‌లు పెట్టి డిజిటల్ హ్యుమానిటీస్ అనడం కూడా అంతే (ఆ పీడీఎఫ్‌లు లేకపోతే నాకు రోజు గడవదు, అది వేరే విషయం).

దీనికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు. రెండేళ్ళ కోర్సు చాలు. మొదటి సెమిస్టర్‌లో ఆర్ట్స్ వాళ్ళకి కోడ్ సున్నా నుంచి, ఇంజనీర్లకి సంధులూ యాసలూ ఓనమాల నుంచి. ప్రతి థీసిస్‌కీ ఇద్దరు గైడ్లు, చెరో క్యాంపస్ నుంచి. ఎంట్రన్స్ ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఉండాలి. స్టైపెండ్ ఇద్దరికీ ఒకటే.