మోకాలిలోని నెలవంకను తొందరపడి వదులుకోకండి

కబడ్డీలో కూతకు వెళ్లిన ఆటగాడు చటుక్కున వెనుదిరుగుతాడు. పాదం నేలలో నాటుకునే ఉంటుంది. వంగిన మోకాలు మాత్రం శరీర భారంతో మెలి తిరుగుతుంది. మెనిస్కస్ చిరగడానికి ఆ ఒక్క క్షణం చాలు. వాపు చాలాసార్లు మరునాటికి గాని తెలియదు. అందుకే ‘బెణికింది’ అనుకొని నూనెతో మర్దన చేయిస్తారు.

తొడ ఎముకకూ దాని కింది ఎముకకూ నడుమ, నెలవంక ఆకారంలో రెండు మృదులాస్థి దిండ్లు ఉంటాయి. శరీర భారాన్ని కీలంతటా పంచేవి ఇవే. మనం ‘గుజ్జు అరిగింది’ అంటామే, అది ఎముకల చివరలనున్న నున్నని పొర అరగడం. ఈ దిండు చిరగడం వేరు. అయితే దీన్ని పోగొట్టుకుంటే ఆ అరుగుదల త్వరపడుతుంది.

ఒకప్పుడు వైద్యులే దీనిని పనికిరాని అవశేషమనుకొని, చిరిగితే మొత్తంగా తీసివేసేవారు. అలా తీసిన మోకాళ్లలో వచ్చే మార్పులను 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే బ్రిటిష్ వైద్యుడు ఎక్స్‌రేలతో చూపాడు. అయినా ‘తీసేస్తే పోతుంది’ అనే ధోరణి ఇంకా పూర్తిగా పోలేదు.

దిండు వెలుపలి అంచుకు రక్తప్రసరణ ఉంటుంది గనుక అక్కడి చిరుగును కుడితే అతుక్కునే అవకాశం ఎక్కువ. లోపలి అంచుకు ఆ భాగ్యం లేదు. కుట్టించుకుంటే నెలల తరబడి ఆటకు దూరం కావాలి. చిరిగిన ముక్కను తీయించుకుంటే కొన్ని వారాల్లోనే మైదానంలోకి రావచ్చు. టోర్నమెంటు దగ్గర పడినప్పుడు ఆటగాడూ శిక్షకుడూ రెండోదానికే మొగ్గుతారు. నా అభిప్రాయంలో అది ఖరీదైన తొందరపాటు. కుట్టదగిన చిరుగైతే కుట్టించాలి. తీయక తప్పకపోతే చిరిగినంత మేరకే తీయించాలి.

నడివయసువారి సంగతి వేరు. వారిలో వయసుతోపాటు వచ్చే చిరుగులే ఎక్కువ. ఫిన్లండులో 35 నుంచి 65 ఏళ్లలోపు 146 మందిపై జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. చిరుగును నిజంగా కత్తిరించినవారికీ, కత్తిరించినట్టు నటించి వదిలినవారికీ ఏడాది తరువాత చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కనుక ఎమ్మారై నివేదికలో ‘చిరుగు’ అన్న మాట చూడగానే ఆపరేషనుకు సిద్ధపడకండి. తొడ కండరాలను బలపరిచే వ్యాయామాలకు ముందు అవకాశమివ్వండి.

దెబ్బ తగిలిన వెంటనే ఆట ఆపండి. గుడ్డలో చుట్టిన ఐసును పావుగంట ఉంచి, కట్టు కట్టి, కాలిని ఎత్తులో పెట్టండి. మర్దన వద్దు. మోకాలు బిగిసిపోయి చాపడానికి రాకుంటే బలవంతంగా లాగకుండా, ఆలస్యం చేయక ఎముకల వైద్యుని చూడండి. ఆపరేషను అవసరమని ఆయన చెబితే ‘దీనిని కుట్టడానికి వీలుందా?’ అని తప్పక అడగండి. అది అడగడం మీ హక్కు.